బెంజోయేట్ వేసినా పచ్చడికి బూజు పడుతోందా? పౌడర్ పెంచే ముందు ఇవి చూడండి

రెండేళ్ళ కింద ఆగస్టులో పది కేజీల టమాటా నిలవ పచ్చడి చేసా, అర కేజీ సీసాలు ఇరవై, లెక్క ప్రకారం సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ పౌడర్ కూడా వేసా. మూడు వారాలకి ఒక కస్టమర్ ఫోటో పెట్టింది, మూత తీస్తే నూనె అంచున దూది పింజ అతికించినట్టు తెల్లగా, మధ్యలో ఆకుపచ్చ చుక్క. ఇంట్లో మిగిలిన సీసాలు విప్పి చూస్తే ఇంకో ఐదింటికి అదే కథ. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన అందరికీ వచ్చేదే, పౌడర్ సరిపోలేదేమో ఈసారి డబుల్ వేద్దాం అని. వేసా. బూజు ఓ పది రోజులు లేటుగా వచ్చింది అంతే, పైగా పచ్చడి మింగాక గొంతులో ఏదో పట్టుకున్నట్టు చిరుచేదు. అంటే రూల్ దాటా, రుచి పోయింది, బూజూ ఆగలేదు.

ఆ తర్వాత పీహెచ్ మీటర్ కొని కొలిస్తే తెలిసింది, నా పచ్చడి 4.5 దగ్గర ఉంది. పీహెచ్ అంటే పులుపు కొలత, నంబర్ తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ అని. ఆ సీజన్ టమాటాల్లో పులుపు లేదు, చింతపండేమో నేను కళ్ళతో చూసి వేసేదాన్ని. తప్పు పౌడర్ ది కాదు. ఇది ఎందుకో ఒకసారి బుర్రకెక్కితే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పక్కర్లేదు, మీకే తడతాయి, అందుకే ముందు అది చెప్తా, కొంచెం ఓపిక పట్టండి.

బెంజోయేట్, సార్బేట్, బ్రెడ్ లో వేసే ప్రొపియోనేట్, వెనిగర్ లో ఉండే ఎసిటిక్ ఆసిడ్, ఇవన్నీ ఒకే కుటుంబం, వీక్ ఆసిడ్స్ అంటారు. పులుపు బాగా ఉన్న చోట ఇవి ఛార్జ్ లేకుండా నిండుగా ఉంటాయి, పులుపు తగ్గేకొద్దీ ఒక ప్రోటాన్ వదిలేసి ఛార్జ్ ఉన్న రూపంలోకి మారిపోతాయి. బూజు కణం చుట్టూ ఉండేది కొవ్వు పొర, అది ఛార్జ్ లేని రూపాన్ని మాత్రమే సులువుగా లోపలికి రానిస్తుంది. లోపల పీహెచ్ దాదాపు న్యూట్రల్ కాబట్టి, వెళ్ళినది వెళ్ళినట్టే అక్కడ విడిపోయి ఛార్జ్ తెచ్చుకుని మళ్ళీ బయటికి రాలేక ఇరుక్కుపోతుంది, లోపల ఆసిడ్ పెరుగుతుంది, దాన్ని బయటికి తోడిపోసుకోవడానికే కణం శక్తంతా అయిపోయి ఇక పెరగడానికి ఏమీ మిగలదు. సార్బిక్ ఆసిడ్ అయితే దీనికి తోడు ఆ పొరనే నేరుగా దెబ్బ తీస్తుంది.

అంటే డబ్బా మీద రాసిన గ్రాములు కాదు ముఖ్యం, అందులో ఎంత భాగం పని చేసే రూపంలో ఉందన్నదే ముఖ్యం. బెంజోయేట్ పులుపు తగిలి మారే రూపమే బెంజోయిక్ ఆసిడ్, పని చేసేది అదే. అది పీహెచ్ 3 దగ్గర 94 శాతం ఉంటుంది, 4 దగ్గర 61 శాతం, 5 కి వచ్చేసరికి 14, 6 దగ్గర ఒకటిన్నర శాతం. నా టమాటా పచ్చడి 4.5 దగ్గర ఉంది కదా, అక్కడ మూడో వంతే. చింతపండు పెంచి 3.6 కి దించితే అదే పౌడర్ 80 శాతం పని చేస్తుంది. పౌడర్ రెట్టింపు చేసినా రానంత బలం చింతపండు గుజ్జుతో వచ్చేసింది, అదీ రూపాయి పౌడర్ ఎక్కువ వెయ్యకుండా.

ఇక బూజు వైపు నుంచి చూద్దాం. ప్రిజర్వేటివ్ బూజుని చంపదు, పెరగనివ్వకుండా ఆపుతుంది అంతే. బూజు విత్తనాలు, అదే స్పోర్స్, పచ్చడిలో నిద్రపోతూ కూర్చుంటాయి, ఎక్కడ కాస్త సందు దొరికితే అక్కడ మొలుస్తాయి. పైగా ఒకే బూజు నుంచి వచ్చిన విత్తనాలు కూడా అన్నీ ఒక్కలా ఉండవు, వాటిలో కొన్ని పుట్టుకతోనే మొండివి, మిగతావి ఆగిపోయే డోసులో కూడా అవి మెల్లగా మొలకెత్తుతాయి. విత్తనాలు వంద ఉంటే అందులో మొండిది ఉండకపోవచ్చు, పది లక్షలు ఉంటే దాదాపు కచ్చితంగా ఉంటుంది. ఒక్క ఆకుపచ్చ మచ్చలో లక్షల కొద్దీ స్పోర్స్ ఉంటాయి. అందుకే రెండు బూజు మరకలు పడ్డ టమాటాని "ఆ ముక్క కోసేసి వేసేద్దాంలే" అనుకుంటే ఆ బ్యాచ్ మొత్తానికి మొండి విత్తనం మనమే నాటినట్టు.

తోడిపోసుకోవడం ఒక్కటే కాదు, బూజులు ఇంకో పని చేస్తాయి, అది వింటే నాకు మొదట నవ్వొచ్చింది తర్వాత ఒళ్ళు మండింది. ప్రిజర్వేటివ్ ని తినేస్తాయి. ఆస్పర్జిల్లస్ నైగర్ అని నల్ల బూజు, ఉల్లిపాయ పొరల మీద మసి లాగా కనిపిస్తుందే అదే, దానికి బెంజోయేట్ ని వేరే పదార్థంగా మార్చి మెల్లగా అరిగించుకునే ఎంజైములు ఉన్నాయి. మనం తక్కువ డోసు వేస్తే దానికి కాస్త ఇబ్బంది, ఆ తర్వాత టిఫిన్.

సార్బేట్ సంగతి ఇంకా విచిత్రం. కొన్ని పెనిసిలియం, ఆస్పర్జిల్లస్ బూజులు సార్బిక్ ఆసిడ్ నుంచి కార్బన్ డయాక్సైడ్ ముక్క కోసేసి 1,3-పెంటాడయీన్ అనే ఇట్టే ఆవిరయ్యే పదార్థంగా మార్చేస్తాయి, దాని వాసన అచ్చం కిరసనాయిలు. ఛీజ్ చేసేవాళ్ళకి ఇది పాత తలనొప్పి, 1966 లోనే దీని మీద పేపర్ వచ్చింది. కాబట్టి సార్బేట్ వేసిన పచ్చడో జ్యూసో మూత తియ్యగానే కిరసనాయిలు వాసన కొడితే డబ్బా పక్కన ఏదో ఒలికిందేమో అని వెతక్కండి, లోపల బూజు మీ ప్రిజర్వేటివ్ ని కరిగించేస్తోంది, కంటికి ఇంకా కనపడలేదంతే. ఇదే ఎంజైము దాల్చినచెక్కతో వచ్చే సినమిక్ ఆసిడ్ ని కూడా పట్టుకుని స్టైరీన్ చేస్తుంది, అది ప్లాస్టిక్ వాసన. చికెన్ పచ్చడి లాంటి మసాలా పచ్చళ్ళలో కొత్త ప్లాస్టిక్ డబ్బా వాసన వస్తే డబ్బా ఒక్కదాన్నే అనుమానించకండి.

ఇంకొకటి, పైన తెట్టు కట్టే ఈస్టులు, బూజులు పచ్చడిలోని పులుపుని కూడా తింటాయి. పులుపు తగ్గితే పీహెచ్ పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే బెంజోయేట్ పడుకుంటుంది, అప్పుడు ఇంతసేపూ బయట వెయిటింగ్ లో ఉన్నవి లోపలికొస్తాయి. మొదటి బూజు తలుపు తీస్తే తర్వాతవి వచ్చి కాపురం పెడతాయన్నమాట. పైన గరిటెతో తీసేసి మిగతాది వాడుకునే అలవాటు ఇక్కడే దెబ్బ కొడుతుంది.

సరే ఇప్పుడు చేసే పద్ధతి.

పీహెచ్ కొలవడంతో మొదలుపెట్టండి. కాగితం స్ట్రిప్ లు కొనకండి, కారం రంగు పట్టి స్ట్రిప్ ఎర్రగా అయిపోతుంది, ఏ నంబర్ అని చూడాలో దేవుడికే తెలియాలి, నేను రెండు ప్యాకెట్లు తగలేసా. చిన్న పెన్ను లాంటి మీటర్ చాలు, కానీ 4, 7 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, వాడే ప్రతి రోజూ సరిచూసుకోవాలి. నూనెలో ముంచకండి, గాజు బుడ్డి మీద నూనె పొర కట్టి ఏదో ఒక నంబర్ చూపిస్తూ ఉంటుంది. పోపు వెయ్యక ముందే ముద్దలోంచి రెండు స్పూన్లు తీసి చల్లార్చి కొలవండి, అప్పటికే నూనె కలిసిపోతే కాసేపు కదపకుండా ఉంచి, నూనె తేలాక అడుగున ఉన్న ఊట తీసి కొలవండి. కొలిచాక బుడ్డిని గిన్నెలు తోమే లిక్విడ్ చుక్కతో మెల్లగా కడిగి మంచినీళ్ళతో తొలవాలి.

టార్గెట్ నేను పెట్టుకున్నది 3.8 లోపు. చింతపండు, నిమ్మరసం, మామిడి, ఉసిరి, గోంగూర వీటితో చేసేవి మామూలుగా వాటంతట అవే ఆ దరిదాపులకి వస్తాయి. టమాటాని నమ్మకండి, పండు బాగా పండేకొద్దీ పులుపు తగ్గుతుంది, రకాన్ని బట్టి 4.2 నుంచి 4.6 దాకా ఊగుతుంది. అల్లం, వెల్లుల్లి అయితే 5.5 పైనే, కాబట్టి అల్లం పచ్చడిలో చింతపండు బెల్లం నిష్పత్తి నోటి రుచితో కాదు మీటర్ తో చూడాలి, బెల్లం పులుపుని నోటికి తెలియకుండా దాచేస్తుంది, పుల్లగా లేదు కదా అని కాదు, పుల్లగా ఉంది కదా అని కూడా కాదు, నంబర్ చూడాలి.

చికెన్, రొయ్యల పచ్చళ్ళు చేసేవాళ్ళు దయచేసి ఇది రెండుసార్లు చదవండి. మాంసం పీహెచ్ 6 దగ్గర ఉంటుంది. అక్కడ బెంజోయేట్ వెయ్యడం అంటే నూటికి ఒకటిన్నర వంతు పని చేయించుకోవడం, మిగతాదంతా దండగ. నిమ్మరసం ముక్క లోపలికి దిగాలి, పైన గ్రేవీ పుల్లగా ఉండి ముక్క మధ్యలో 5.5 ఉంటే లాభం లేదు, ముక్కని నలిపి కొలవండి. 4.6 పైన ఉండి నూనెలో మునిగి ఉన్న దేంట్లో అయినా బూజు కంటే పెద్ద భయం బొటులిజం, అంటే ఒక బ్యాక్టీరియా వదిలే విషంతో వచ్చే ప్రాణాంతక జబ్బు, ఆ బ్యాక్టీరియాకి గాలి అక్కర్లేదు, నూనె కింద హాయిగా పెరుగుతుంది, కంటికి కనపడదు. 1985 లో కెనడాలోని వాంకూవర్ లో ఒక హోటల్లో తిన్నవాళ్ళకి అలా నూనెలో నిలవ ఉంచిన తరిగిన వెల్లుల్లి వల్లే వచ్చింది. నేనైతే నాన్ వెజ్ పచ్చడి ఫ్రిజ్ లో పెట్టుకోమని చెప్పే అమ్ముతా, బయట ఆరు నెలలు ఉంటుందని చెప్పేవాళ్ళతో నాకు పోటీ వద్దు.

పీహెచ్ కుదిరాక డోసు. పచ్చళ్ళకి పాత ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డర్ (పళ్ళ ఉత్పత్తులకి ఉన్న పాత ప్రభుత్వ నిబంధన) కాలం నుంచీ ఉన్న లెక్క కేజీకి 250 మిల్లీగ్రాముల బెంజోయిక్ ఆసిడ్, టమాటా కెచప్ కి 750, స్క్వాష్ లకి 600. మీరు చేసే ఐటమ్ కి ఇప్పుడు ఎంతుందో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) పట్టికలో చూసుకుని మొదలుపెట్టండి. ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది, లిమిట్ రాసేది బెంజోయిక్ ఆసిడ్ గా, మనం కొనేది సోడియం బెంజోయేట్. బెంజోయిక్ ఆసిడ్ బరువుని 1.18 తో గుణిస్తే బెంజోయేట్ బరువు వస్తుంది. పది కేజీలకి 2.5 గ్రాముల బెంజోయిక్ ఆసిడ్, అంటే 2.95 గ్రాముల పౌడర్. పొటాషియం సార్బేట్ కి అయితే 1.34 తో గుణించాలి. ఇది చిటికెలు, స్పూన్లతో అయ్యే పని కాదు, బంగారం తూచే చిన్న కాటా ఆన్లైన్ లో కొన్ని వందలకి దొరుకుతుంది.

కలపడంలో నేను చేసిన తప్పు చెప్తా. పచ్చడిలో నీళ్ళు పడకూడదు కదా అని తెలివిగా పౌడర్ ని నిమ్మరసంలో కలిపా. వెంటనే గిన్నెలో తెల్లగా పిండి విరిగినట్టు రవ్వలు తేలాయి. సోడియం బెంజోయేట్ నీళ్ళలో బ్రహ్మాండంగా కరుగుతుంది, కానీ పులుపు తగిలితే బెంజోయిక్ ఆసిడ్ గా మారుతుంది, అది వంద మిల్లీలీటర్ల నీళ్ళలో గ్రాములో మూడో వంతుకి మించి కరగదు. ఆ రవ్వలు పచ్చడిలో ఒక మూల గుట్టగా చేదుగా ఉండిపోతాయి, ఇంకో మూల ఏమీ ఉండదు, ఆ మూలే బూజుకి ప్లాటు. సరైన పద్ధతి ఏంటంటే మరిగించి చల్లార్చిన నీళ్ళు రెండు మూడు స్పూన్లు తీసుకుని అందులో పౌడర్ పూర్తిగా కరిగించి, పోపు పడకముందు ముద్ద మీద చుట్టూ పోస్తూ అడుగు నుంచి కలపాలి, పది కేజీలకి ఆ కాస్త నీళ్ళు లెక్కలోకి రావు. పోపు నూనెలో పౌడర్ చల్లడం అస్సలు వద్దు, అక్కడ కరగదు. ఒకసారి పచ్చడిలో కలిశాక కూడా కొంత బెంజోయిక్ ఆసిడ్ నూనెలోకి జారుకుంటుంది, బూజు పెరిగేదేమో తడిలో. నూనె ఎక్కువున్న పచ్చళ్ళలో ఈ నష్టం ఎక్కువ, దాన్ని పౌడర్ తో కాకుండా ఉప్పు పులుపులతో పూడ్చుకోవాలి.

రెండు ప్రిజర్వేటివ్ లు కలిపి వెయ్యొచ్చా అని అడుగుతుంటారు. వెయ్యొచ్చు, కానీ రెండూ ఫుల్ లిమిట్ వెయ్యకూడదు, ఒకటి లిమిట్ లో సగం వేస్తే రెండోది కూడా సగమే. 4.5 లాంటి చోట సార్బేట్ 65 శాతం దాకా పని చేస్తుంది, బెంజోయేట్ కంటే నయం. కానీ బెంజోయేట్ కి లొంగని బూజు చాలాసార్లు సార్బేట్ కీ లొంగదు, ఈస్టుల్లో చూస్తే రెండిటినీ కణం బయటికి తోడిపోసే పంపు ఒకటే, అందుకని ఈ జోడీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. బ్రెడ్ కి వేసే కాల్షియం ప్రొపియోనేట్ ని పచ్చళ్ళకి ఎవరో చెప్పారని కొంటున్నారు, అది బేకరీ సరుకు, ఈస్టుని పెద్దగా ఇబ్బంది పెట్టకుండా బూజుని ఆపడానికి పెట్టుకున్నది. అక్కడ కూడా పెనిసిలియం రోక్ఫోర్టి అనే బూజు దానికి లొంగదు, బ్లూ ఛీజ్ లో నీలం గీతలు గీసేది అదే, గాలి తక్కువున్నా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్నా దానికి చింత లేదు.

బూజుకి ఒకే గోడ కడితే ఎక్కుతుంది, నాలుగు రకాల గోడలు కడితే ఒకదాని తర్వాత ఒకటి ఎక్కడానికే ఓపిక అయిపోతుంది, ఫుడ్ టెక్నాలజీలో హర్డిల్ అంటారు. మన ఆవకాయ అసలు అదే కదా, పులుపు ముక్క, తడి లేని ముక్క, దండిగా ఉప్పు, ఆవపిండి ఘాటు, పైన నూనె. ఆవపిండి తడి తగలగానే వచ్చే ఘాటు ఆవిరికి బూజుని అణిచే గుణం ఉంది, కానీ అది ఎగిరిపోయే సరుకు, పాత పిండిలో ఘాటు తగ్గిపోతుంది, అప్పటికప్పుడు కొట్టించుకోండి. ఈమధ్య అందరూ ఉప్పు తక్కువ, నూనె తక్కువ, ప్రిజర్వేటివ్ వద్దు, కానీ ఏడాది నిలవుండాలి అంటారు. అది కుదరదమ్మా అని నేను మొహమాటం లేకుండా చెప్పేస్తా. ఉప్పు మీదే ఆధారపడి ఉప్పునీళ్ళలో వేసే పచ్చళ్ళకి రూల్ లోనే ఉప్పు 12 శాతానికి తక్కువ కాకూడదని ఉంది, ఊరికే పెట్టలేదు. నూనె పచ్చళ్ళకి పైన అర సెంటీమీటరు నూనె తేలాలి, నేను ఒక సెంటీమీటరు ఉంచుతా.

అసలు నా ఇరవై సీసాల్లో బూజు మూత కిందే ఎందుకు మొదలైందో చెప్పలేదు కదా. పచ్చడి గోరువెచ్చగా ఉండగానే మూతలు బిగించేసా. ఆవిరి మూతకి పట్టి, చల్లారాక నీటి చుక్కలై పచ్చడి మీద పడింది. ఆ చుక్క పడ్డ చోట ఉప్పు లేదు, పులుపు లేదు, బెంజోయేట్ లేదు, సీసా మొత్తం కాపలా ఉన్నా ఆ గోరంత చోట కర్ఫ్యూ ఎత్తేసినట్టు. కాబట్టి రెండే దారులు, పూర్తిగా చల్లారేదాకా పల్చటి గుడ్డ కప్పి ఉంచి తర్వాత నింపడం, లేదా 85 డిగ్రీల పైన వేడిలో నింపి వెంటనే మూత బిగించి సీసాని రెండు మూడు నిమిషాలు తల్లకిందులుగా పెట్టడం, ఆ వేడికి మూతకి అంటుకున్న మామూలు స్పోర్స్ చచ్చిపోతాయి. మామూలు అని ఎందుకన్నానంటే బిసోక్లమిస్ లాంటి కొన్ని బూజుల గట్టి విత్తనాలు ఆ వేడిని కూడా తట్టుకుంటాయి, అవి మట్టిలోంచి వస్తాయి, నేల మీద పడ్డ పళ్ళతో ఎక్కువ. పళ్ళు రుద్ది కడగడానికి అసలు కారణం అది. మధ్యస్తంగా గోరువెచ్చగా నింపడం మాత్రం రెండిటికీ చెడ్డ పని.

ఎండబెట్టేటప్పుడు ముక్కల మీద పల్చటి గుడ్డ, వంట గదిలో ఫ్యాన్ ఆపడం, పాడైన నిమ్మకాయలు, బూజు బ్రెడ్ ఆ గదిలో లేకుండా చూడటం, ఇవి మీకు తెలిసినవే. బూజు పట్టిన సీసాని మాత్రం పచ్చళ్ళ గదిలో విప్పకండి, మూత తీసి వాసన చూసిన క్షణంలో స్పోర్స్ గదంతా లేస్తాయి. కవర్ లో కట్టి బయట పారేసి, సీసా మరిగించి, మూత పారెయ్యండి, మూత లోపలి రబ్బరు పొర సందుల్లో దాక్కుంటాయి.

తెల్లగా కనపడిందల్లా బూజు కాదు, కంగారు పడకండి. టూత్ పిక్ తో తాకి చూడండి. గరగరలాడి, వేడినీళ్ళలో వేస్తే కరిగిపోతే అది ఉప్పు లేదా బెంజోయిక్ రవ్వ, మీ కలపడంలో లోపం. ముడతలు పడ్డ పల్చటి తెట్టు అయితే ఈస్టు. దూదిలా లేచి, రెండు మూడు రోజుల్లో ఆకుపచ్చగానో నల్లగానో మారితే బూజు. అమ్మే సరుకులో ఈస్టు తెట్టు వచ్చినా బూజు వచ్చినా సీసా మొత్తం పోయినట్టే, పైన తీస్తే కనపడని పోగులు కింద ఉంటాయి, కొన్ని బూజులు విషాలు కూడా వదుల్తాయి, అవి వేడి చేసినా పోవు.

ప్రతి బ్యాచ్ లో మూడు సీసాలు పక్కన పెడతా. ఒకటి ప్రిజర్వేటివ్ లేకుండా, ఒకటి డోసుతో మూత తియ్యకుండా, ఒకటి డోసుతోనే కానీ సగం ఖాళీ చేసి రోజూ మూత తీసి గరిటె పెట్టేది, ఎందుకంటే కస్టమర్ ఇంట్లో జరిగేది ఆ మూడోదే. మూత మీద తేదీ, పీహెచ్, పౌడర్ గ్రాములు స్కెచ్ పెన్ తో రాస్తా. వాటిని ఫ్రిజ్ లో కాదు, పొయ్యి పక్కన వేడిగా ఉండే షెల్ఫ్ లో ఆరు వారాలు పెడతా. మొదటిది ముందు పాడై మూడోది నిలబడితే రెసిపీ ఓకే. మొదటిదీ మూడోదీ ఒకే వారంలో పాడైతే డోసు అసలు పని చెయ్యట్లేదని, మీటర్ తీసి ఊట కొలిస్తే దాదాపు ప్రతిసారీ నంబర్ 4.2 పైనే ఉంటోంది. పోయిన నెల గోంగూరలో మూడూ నిలబడ్డాయి, పీహెచ్ 3.3, ఇక ఆ పచ్చడికి పౌడర్ వెయ్యడం మానేసా.